చిటికెకు ముందు

బొమ్మ ముందు మారింది. చిటికె వెనక వినపడింది.

మాస్టారు తన ఎడమచేతి వేళ్ళకేసి చూసుకున్నారు. ఎదురుగా గోడ నిండా చిన్న తెరలు, వాటి మధ్య ఒక పెద్ద తెర. ఒక్కో కెమెరా చూస్తున్నది ఒక్కో చిన్న తెరలో కనపడుతుంది. పెద్ద తెరలో ఉన్నదే ఇళ్ళలో జనం చూసేది. ఆ పెద్ద తెర మీద ఇప్పుడు ఒక అత్తగారి మొహం ఉంది. కోడలు మాట్లాడుతుంటే ఆవిడ కింది పెదవి కొరుక్కుంటోంది. మాస్టారు సరిగ్గా ఆ మొహమే కావాలనుకున్నారు. అనుకుని చిటికె వేసేలోపే అది వచ్చి కూర్చుంది.

పని బాగానే జరిగింది. అదే ఆయనకు నచ్చలేదు.

"ఎవరు వేశారది?" అన్నారు.

"మీరే కదా మాస్టారూ," అంది ఎడమపక్క కూర్చున్న మీటలక్క.

"నేనింకా వేయలేదు."

"వేశారు. తరవాతది చెప్పండి, కోడలు ఏడ్చేలా ఉంది."

ప్రత్యక్ష ప్రసారంలో దెబ్బలాడుకునే తీరిక ఉండదు. "రెండు సిద్ధం" అన్నారు మాస్టారు. కుడిపక్క కూర్చున్న బామ్మర్ది ఆ మాటనే చెవిమైకులో కెమెరావాళ్ళకు అందించాడు.

ఆ గదిలో పని ఎప్పుడూ అలాగే సాగేది. ఏ కెమెరా అన్నది మాస్టారు నోటితో చెబుతారు. ఎప్పుడు అన్నది చిటికెతో చెబుతారు. చిటికె వినపడగానే మీటలక్క మీట నొక్కుతుంది, పెద్ద తెర మీద బొమ్మ మారుతుంది. అసలు విద్యంతా ఆ "ఎప్పుడు"లోనే ఉంది. కాస్త ముందైతే అర్థం కాదు, కాస్త వెనకైతే మొహంలో ఉన్నది ఆవిరైపోతుంది. ఆయన చిటికెకు పేరుంది. పరిశ్రమలో చిటికెల మాస్టారంటే తెలియనివాళ్ళు లేరు.

ఆయన వైర్లు మోసే పనిలో చేరారు మొదట్లో. కెమెరా వెనకాలే నడుస్తూ దాని తోక ఎవరి కాళ్ళకూ చుట్టుకోకుండా చూడటమే ఉద్యోగం. ఆ తరవాత పొలం పనుల కార్యక్రమం, వాతావరణం, వార్తలు, చూసేవాళ్ళకే విసుగొచ్చేదాకా నడిచిన సీరియళ్ళు, చివరికి సొంత సంస్థ. ఇప్పుడు నిర్మాతా ఆయనే, దర్శకుడూ ఆయనే. ఏళ్ళ తరబడి మాటల్లేని ఇద్దర్ని తెచ్చి ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఆదివారం మధ్యాహ్నం అందరి ముందూ మాట్లాడించే కార్యక్రమం. మాట్లాడేవాడి మొహం ఎవడైనా చూపిస్తాడు, వినేవాడి మొహం పట్టుకోవాలిరా అనేవారు మాస్టారు, కొత్తగా వచ్చినవాళ్ళతో.

తనతో పాటు మొదలైనవాళ్ళు చాలామంది దారిలో జారిపోయారు. ఆయన జారలేదు. ఎవర్నీ నమ్మకపోవడమే అందుకు కారణమని ఆయన అభిప్రాయం. జనరేటర్‌లో డీజిల్ పోశామంటే మూత తీసి చూస్తారు. మైకు బాగుందంటే తనే ఊది చూస్తారు. అతిథి బయల్దేరాడంటే, "ఇప్పుడు ఆయన కిటికీలోంచి ఏం కనపడుతోందో అడుగు" అంటారు. అందువల్ల కార్యక్రమాలు ఎప్పుడూ ఆగలేదు. స్నేహాలు మాత్రం ఆగిపోయాయి.

ఇప్పుడు ఆయన కుర్చీకే ముప్పు వచ్చింది. ఈ విడత ముగింపుకొచ్చింది. కొత్త విడత ఆయన చేతిలోనే పెడతారా అంటే, చానల్‌లో అవన్నీ ఖాయం చేసే మేడం "చూద్దాం సర్" అంటోంది. చూద్దాం అనేవాళ్ళు అప్పటికే చూసేసి ఉంటారని మాస్టారికి తెలుసు.

మరుసటి వారం కూడా బొమ్మలు చిటికె కన్నా ముందే మారాయి. ఒకటి కాదు, వరసగా. పొరపాటు కూడా లేదు. ఆయన మనసులో మాట ఎవరో ముందుగా దొంగిలించి మీటలక్క చెవిలో వేస్తున్నట్టుంది.

అలాంటిది జరుగుతుందని ఆయనకు తెలియకపోలేదు. వైర్లు మోసే రోజుల్లో వార్తల విభాగంలో ఒక పెద్ద దర్శకుడుండేవాడు. చివరి రోజుల్లో ఆయన కుర్చీలో కూర్చుని చెబుతూనే ఉండేవాడు, వెనక నుంచి ఆయన సహాయకుడు ఇంకో మైకులో నెమ్మదిగా అసలు ఆజ్ఞలు ఇచ్చేవాడు. కిందనున్న వాళ్ళ చెవుల్లో రెండు గొంతులూ వినపడేవి. పెద్దాయనకు మాత్రం తన గొంతొక్కటే వినపడేది. ఒకరోజు సన్మానం చేసి పంపించేశారు. అంతదాకా ఆయనకు తెలియనే లేదు.

మరి ఈ గదిలో రెండో మైకు ఎవరి దగ్గరుంది? బామ్మర్ది దగ్గరుంది.

మాస్టారు కుడికి ఓరగా చూశారు. బామ్మర్ది బుద్ధిమంతుడిలా తెరల వంక చూస్తున్నాడు. అంత బుద్ధిగా ఎప్పుడు కూర్చున్నాడు వీడు? తన పెళ్ళినాటికి నిక్కర్లలో ఉన్నవాణ్ణి తెచ్చి పని నేర్పించారు. నోట్లో నాలుక లేనివాడని జాలిపడి పక్కన కూర్చోబెట్టుకున్నారు. నాలుక ఉన్నట్టుంది. వేరే చెవికి పనిచేస్తున్నట్టుంది.

ఆ వారంలోనే ఇంకోటి కంటబడింది. క్యాంటీన్ అద్దాల గోడ వెనక బామ్మర్దీ చానల్ మేడమూ ఒకే బల్ల దగ్గర టీ తాగుతున్నారు. మేడం మాట్లాడుతోంది. వాడు కప్పులోకి చూస్తున్నాడు. మాస్టారు తలుపు తీసుకుని లోపలికి వెళ్ళేసరికి మేడం లేచి నిలబడింది.

"రండి సర్, టీ తీసుకుంటారా?"

"మీరు తాగేశారుగా."

"ఇప్పుడే మీ గురించే అనుకుంటున్నాం."

"అదే నాక్కూడా అనిపించింది," అన్నారు మాస్టారు.

బామ్మర్ది కప్పు తీసుకుని, అందులో టీ ఉండగానే, కడగడానికి వెళ్ళిపోయాడు.

ఇక కోటు సంగతి. ఆ గదిలో యంత్రాలు వేడెక్కకూడదని చల్లగాలి యంత్రాన్ని గట్టిగా తిప్పి ఉంచుతారు. ఈమధ్య ఆ చలికి మాస్టారి వేళ్ళు కొయ్యబారుతున్నాయి. భార్య చూసి దళసరి ఉన్నికోటొకటి కొనిపెట్టింది. అది తొడుక్కుని వెళ్ళిన ఆదివారం విచిత్రంగా దొంగతనం జరగలేదు. చిటికె పడ్డాకే బొమ్మ మారింది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. అయితే కార్యక్రమం మాత్రం బెల్లంపాకంలో కాలు పెట్టినట్టు నడిచింది. ప్రతి మొహమూ చల్లారాక వచ్చింది. మేడం వెనక నిలబడి అంతా చూసింది. ఆవిడ ఉంది కాబట్టే దొంగ జాగ్రత్తపడ్డాడనుకున్నారు మాస్టారు.

ప్రకటనల విరామంలో మీటలక్క ఇటు తిరిగింది. "ఆ కోటు తీసేయండి మాస్టారూ."

"ఎందుకు?"

"బాలేదు."

"నేనేమన్నా పెళ్ళిచూపులకొచ్చానా?"

"ఎలుగుబంటి పక్కన కూర్చున్నట్టుంది నాకు. తీసేయండి."

తీయలేదు. ఆయన చలికి వణకాలనీ, వేళ్ళు పడిపోవాలనీ ఈవిడకెందుకంత ఆత్రం? అంటే ఈవిడ కూడా అటుపక్కే చేరిపోయిందన్నమాట. ఇన్నేళ్ళు భుజం భుజం ఆనించి కూర్చున్న మనిషి.

ఇంటికెళ్ళి కోటు విప్పుతూ భార్యను అడిగేశారు. "మీ తమ్ముడేమన్నా చెప్పాడా?"

ఆవిడ బట్టలు మడతపెడుతోంది. చేతులు ఆగలేదు, మడత మాత్రం వంకర పోయింది. మాస్టారి కన్ను అలాంటివాటిని వదలదు.

"ఏం చెప్తాడు?"

"నువ్వే చెప్పు."

"మీ చూపు నా మీద కెమెరా పెట్టినట్టుంది. అటు తిరగండి, చెప్తాను."

ఆయన కిటికీ వైపు తిరిగారు.

"కొత్త విడత నువ్వు చేస్తావా అని మీ చానల్ మేడం వాణ్ణి అడిగిందట."

"ఏమన్నాడు?"

"ఆలోచించుకుంటానన్నాడట."

"వద్దనలేదా?"

"ఎందుకనాలండీ? వాడి గడ్డమూ తెల్లబడింది. ఎన్నాళ్ళు మీ పక్కన కూర్చుని మీ మాట అటు అందిస్తాడు? అందుకే మీకు చెప్పడానికి భయపడి నాతో ఏడ్చాడు."

"భయం కాదే. గొయ్యి తీసేవాడు చప్పుడు చేయడు."

"మీరు నా చేతి వంట కూడా వాసన చూసి తినే మనిషి," అంది ఆవిడ. "మీకెవరు ఏం చెప్పగలరు?"

మాస్టారి తలలో అప్పటికే వల సిద్ధమవుతోంది.

వచ్చే ఆదివారం అసలు చిటికె వేయకూడదు. బామ్మర్దిని కింద స్టూడియోలోకి పంపెయ్యాలి. వాడి మైకులో వినపడేదంతా తన చెవికి కలిపించుకోవాలి. అప్పుడు కూడా బొమ్మ మారిందంటే దొంగ గొంతు దొరికిపోతుంది. ప్రత్యక్షంగా ప్రసారమవుతున్న కార్యక్రమంతో ఇలాంటి ఆట ఇంకెవరైనా ఆడి ఉంటే, ఆయనే ఆ రోజే ఉద్యోగంలోంచి తీసేసి ఉండేవారు.

ఆదివారం వచ్చింది. బామ్మర్ది స్టూడియోలోకి దిగుతూ, "నేను కిందెందుకు బావా? పైన మీకెవరు అందిస్తారు?" అన్నాడు.

"నాకు నోరుంది. నువ్వు వెళ్ళు."

వెళ్ళాడు. మాస్టారు కోటు తెచ్చారు కానీ వేసుకోలేదు. అది చూసి మీటలక్క మొహం వికసించింది. ఆ వికాసాన్ని కూడా ఆయన లెక్కలో వేసుకున్నారు.

ఆ రోజు వచ్చినవాళ్ళు అన్నదమ్ములు. ఇద్దరూ వడ్రంగులు. ఒకే దుకాణంలో పనిచేసినవాళ్ళు మధ్యలో గోడ కట్టుకుని విడిపోయారు. మధ్య బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు ఒకటుంది. అన్న మాటకారి. తమ్ముడు వచ్చినప్పట్నుంచీ నోరు విప్పలేదు. అలాంటివాళ్ళంటే మాస్టారికి పండగ.

కార్యక్రమం మొదలైంది. మాస్టారు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నారు. "రెండు సిద్ధం" అన్నారు. చిటికె వేయలేదు. రెండో కెమెరా బొమ్మ పెద్ద తెర మీదికి వచ్చింది, ఆయన కోరుకున్న క్షణానే. "మూడు సిద్ధం." అదీ వచ్చింది. చెవిలో ఏముందా అని విన్నారు. బామ్మర్ది గొంతు నెమ్మదిగా, "మూడో కెమెరా, కొంచెం ఎడమకి జరగండి బాబూ" అంటోంది. అంతే. ఇంకో గొంతు లేదు. చూస్తే మీటలక్క తన చెవిమైకు ఎప్పుడో తీసి బల్ల మీద పెట్టేసింది. ఆమె చెవిలో ఎవరూ లేరు.

అయితే దొంగ ఈవిడే. మీటలూ తనే, మనసూ తనే. ఇక దర్శకుడితో పనేముంది? తను ఇన్నాళ్ళూ చేస్తున్నది ఆ వార్తల పెద్దాయన చేసిన పనే.

సరే, కానివ్వు, ఎవరి ఆట ఎవరు ఆడతారో చూద్దాం అనుకున్నారు. అలవాటుకొద్దీ "మూడు సిద్ధం" అన్నారు గానీ, వెనక్కి వాలి, చేతులు రెండూ గుండెల మీద గట్టిగా బిగించి, సినిమా చూడటానికి వచ్చినవాడిలా కూర్చుండిపోయారు. ఏ బొమ్మా కోరుకోకూడదని కూడా అనుకున్నారు.

పెద్ద తెర మీద అన్న మాట్లాడుతున్నాడు. "గోడ కట్టినప్పట్నుంచీ వీడు నావైపు ఒక్కసారి కన్నెత్తి చూళ్ళేదండీ" అంటూ దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. దగ్గుకు కళ్ళు మూసుకున్నాడు.

మూడో కెమెరా తెరలో తమ్ముడున్నాడు. వాడు అన్నవైపే చూస్తున్నాడు. అలా చూస్తూనే, తను ఏం చేస్తున్నాడో తనకే తెలియనట్టు, చెయ్యి చాచి బల్ల మీది గ్లాసును నెమ్మదిగా అన్న చేతి దగ్గరికి జరిపాడు. జరిపి, చురుక్కుమన్నట్టు చెయ్యి వెనక్కి లాక్కుని, తల దించుకున్నాడు.

పెద్ద తెర మీద ఇంకా అన్న దగ్గుతూనే ఉన్నాడు.

"మాస్టారూ!" అని అరిచింది మీటలక్క. ఆమె వేలు మూడో మీట మీదే ఉంది. ఆమె తెరలకేసి చూడటం లేదు. ఆయనకేసి చూస్తోంది.

"మూడు! మూడు నొక్కు!"

నొక్కింది. జనానికి తల దించుకున్న మనిషొకడు కనపడ్డాడు. గ్లాసు అక్కడికెలా వచ్చిందో ఎవరికీ తెలియదు. అన్న ఆ నీళ్ళు తాగి, మళ్ళీ తమ్ముణ్ణి తిట్టడం మొదలుపెట్టాడు.

విరామం పడింది.

"ఇదేంటి మాస్టారూ!" అంది మీటలక్క. "అలాంటిది మళ్ళీ ఎప్పుడు దొరుకుతుంది? మూడు సిద్ధం అన్నారు, వేలు పెట్టుకుని కూర్చున్నాను. కదలరేం?"

"నేను ఇందాకట్నుంచీ చిటికే వేయలేదు. మరి మిగతావి ఎలా మార్చావ్?"

"చిటికె ఎవరిక్కావాలి? మీ చిటికె వెనకబడి చాలా కాలమైంది. దానికోసం కూర్చుంటే మొహం పోయి వీపు మిగులుతుంది."

"మరి దేన్ని చూసి నొక్కుతున్నావ్?"

ఆమె చెయ్యి చాచి ఆయన ఎడమ భుజాన్ని వేలితో పొడిచింది. "దీన్ని. మీకు బొమ్మ కావాలనిపించగానే ఇది ఇంత లేస్తుంది. ఎప్పట్నుంచో లేస్తోంది. చిటికె వెంటనే పడినన్నాళ్ళూ దీంతో పని లేకపోయింది. ఇప్పుడు చెయ్యి వెనకబడింది, ఇది వెనకబడలేదు."

మాస్టారు తన భుజం వంక, అది వేరేవాళ్ళది అయినట్టు, చూసుకున్నారు.

"అందుకేనా కోటు తీయమన్నావ్?"

"మరి! బస్తాలో దూరి కూర్చుంటే నాకేం కనపడుతుంది?"

"ఎద్దు చెవి చూసి దున్నినట్టు దున్నుతున్నావన్నమాట నన్ను."

"ఎద్దని మీరన్నారు. నేనన్లేదు."

"ముందే చెప్పొచ్చుగా అమ్మాయ్."

"ఏమని? మీ చెయ్యి పాతబడిందనా? చెప్తే, చెప్పమని నీకెవరు చెప్పారు, వాళ్ళకెవరు చెప్పారు అని మొదలుపెట్టేవారు."

అందులో అబద్ధం లేదు కాబట్టి ఆయన ఇంకోటి అడిగారు. "ఆ గ్లాసు నీకూ కనపడిందిగా. నువ్వే నొక్కెయ్యొచ్చుగా?"

మీటలక్క మీటల వైపు తిరిగింది. "మీరు కదలకుండా నేనెప్పుడూ నొక్కలేదు మాస్టారూ," అంది. "ఇవాళ నొక్కి ఉంటే బాగుండేది."

తలుపు తెరుచుకుంది. ముందు చానల్ మేడం, వెనకాలే మెట్లెక్కి ఆయాసపడుతూ బామ్మర్ది.

"నా గదిలో అన్ని కెమెరాలూ కనపడతాయి సర్," అంది మేడం. "ఆ గ్లాసు నేను చూశాను. జనం చూళ్ళేదు. ఎవరు వదిలేశారు?"

"తప్పు నాదే మేడం," అన్నాడు బామ్మర్ది గబుక్కున. "మూడో కెమెరా అప్పుడే కదిలింది. సిద్ధంగా లేదని నేనే ఆపించాను."

వాడి మైకు మాస్టారి చెవిలోనే ఉంది. వాడలా అననేలేదు. ఎందుకంటున్నాడు వీడు? తప్పు నెత్తిన వేసుకుంటే వీడికేం వస్తుంది? కుర్చీ అయితే రాదు. పోతుంది. మాస్టారు వాడి మొహంలోకి చూశారు. వినేవాడి మొహం చూడాలని అందరికీ చెప్పే మనిషి, ఇన్నేళ్ళుగా తన మాట వింటూ కూర్చున్న ఆ మొహాన్ని నేరుగా చూసింది తక్కువ. చెంపల దగ్గర నిజంగానే తెల్లబడింది. చెమటలు పడుతున్నాయి. వాడికి అబద్ధం చెప్పడం రాదు. గోతులు తీయడం ఇంకెక్కడొస్తుంది?

"కెమెరా సిద్ధంగానే ఉంది మేడం," అన్నారు మాస్టారు. "నేనే వేయలేదు."

"ఎందుకని?"

"అనుమానం వచ్చి."

"దేని మీద?"

"అన్నిటి మీదా." ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. "కొత్త విడతలో ఒక ఆదివారం వీడు కూర్చుంటాడు, ఒక ఆదివారం నేను కూర్చుంటాను. అలా కుదరదంటే వీడికే ఇచ్చేయండి. ఇప్పుడు మాత్రం పక్కకి జరగండి, విరామం అయిపోయింది."

మేడం "చూద్దాం సర్" అంది. బామ్మర్ది నోరు తెరవబోయాడు.

"నువ్వు కూర్చోరా ముందు. మూడో కెమెరాని ఆ తమ్ముడి చేతుల మీదే ఉంచమను."

మిగతా సగం ఆయన బిగించిన చేతులు విప్పి నడిపారు. అలవాటు పోదు కాబట్టి చిటికెలు కూడా వేశారు. అవి బొమ్మ వెనకాలే ఒక్కొక్కటీ వచ్చి పడ్డాయి. తమ్ముడి చెయ్యి మళ్ళీ బల్ల మీదికి రాలేదు.

అందరూ వెళ్ళాక ఆయన మీటలక్కను ఆపారు.

"ఈ భుజం కూడా వెనకబడిన రోజున చెప్పు. వాడికి కాదు, మేడంకి కాదు. నాకు."

"చెప్తే నన్ను అనుమానిస్తారు."

"అనుమానిస్తాను. అయినా చెప్పు."

మేడం వారం మధ్యలో ఒప్పుకుంది. కొత్త విడత మొదటి ఆదివారం బామ్మర్ది వంతు. వాడు మధ్య కుర్చీలో అంచు మీద కూర్చున్నాడు. వాడికి చిటికె లేదు. కావలసినప్పుడు నోటితోనే "ఊఁ" అంటాడు. మాస్టారు వెనక గోడ దగ్గర ఒక స్టూలు వేసుకున్నారు. ఉన్నికోటు తొడుక్కున్నారు.

మొదటి బొమ్మలు కాస్త తడబడ్డాయి. తెర మీద ఒక తండ్రి, కూతురు. తండ్రి చెబుతున్నాడు. కూతురి మొహం చిన్న తెరలో మెల్లగా మారుతోంది. మాస్టారి కోటు లోపల ఏదో చిన్నగా కదిలింది. బామ్మర్ది ఇంకా "ఊఁ" అనలేదు.

మీటలక్క మెడ తిప్పి వెనక్కి చూసింది.

మాస్టారు కోటు పైగుండీ కూడా పెట్టేసుకున్నారు. గడ్డంతో ముందుకు చూపించారు, వాడివైపు.

ఆమె అటు తిరిగింది. బామ్మర్ది "ఊఁ" అన్నాడు.